ఏప్రిల్ 2 సభలో ఊరికి ఏం చెప్పాలి? (ఆటిజం అవగాహన: సభ్యుల చర్చ)

కృష్ణాతీరం | మార్చి 8, ఉదయం 6.40

సభ్యులందరికీ నమస్కారం. పల్నాడు జిల్లాలోని ఒక మండల కేంద్రంలో నేను ఎరువుల దుకాణం నడుపుతున్నాను. మా అబ్బాయికి ఇప్పుడు 9 ఏళ్ళు. మూడున్నరేళ్ళ వయసులో ఆటిజం ఉందని, అంటే మెదడు ఎదుగుదలలోని తేడా వల్ల మాట, నలుగురితో కలవడం భిన్నంగా ఉంటాయని నిర్ధారించారు. వాడికి వచ్చిన మాటలు ముప్పై నలభైకి మించవు, అవి కూడా అవసరమైన సమయానికి నోటికి అందవు. ఇలాంటి పిల్లలున్న మరో మూడు కుటుంబాలతో కలిసి ఏప్రిల్ 2న మా ఊళ్ళో ఒక సభ జరపాలని అనుకుంటున్నాము. ఐక్యరాజ్యసమితి 2007లో తీర్మానించిన మీదట 2008 నుంచి ఆ తేదీని ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా పాటిస్తున్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

సభ ఎవరికోసం జరపాలన్నదే నా సందేహం. నిరుడు ఒక నగరంలో జరిగిన అవగాహన నడకకు వెళ్ళాము. నీలం టోపీలు, నీలం బెలూన్లు, అంతా బాగానే ఉంది. నడిచినవారు మాత్రం తల్లిదండ్రులు, థెరపిస్టులు, ఫొటోగ్రాఫర్లు. ఆటిజం అంటే తెలియనివారు రోడ్డుకు అవతల బండ్ల మీద కూర్చొని, ఇదేదో పార్టీ ఊరేగింపు అనుకొని, దారి ఎప్పుడు వదులుతారా అని హారన్లు మోగిస్తున్నారు. తెలిసినవాళ్ళం తెలిసినవాళ్ళకే చెప్పుకొని ఇంటికి వచ్చాము.

అంతకు ముందు ఏడాది వినాయక నిమజ్జనం నాడు డప్పుల మోతకు బెదిరి మావాడు ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. గంటన్నర తర్వాత సాగర్ కుడి కాలువ గట్టున దొరికాడు. వాడికి నీళ్ళంటే ప్రాణం, భయం మాత్రం లేదు. దారిలో వాడిని కనీసం ఆరేడుగురు చూశారని తర్వాత తెలిసింది. ఒకాయన పేరడిగితే పలకలేదని చెవిటివాడనుకున్నాడట. ఇంకొకాయన చెయ్యి పట్టుకోబోతే పెద్దగా అరిచాడని, పెంకివాడనుకొని వదిలేశాడట. చివరికి కాపాడింది ఒక సోడాబండి ఆయన. ఆయనకు ఆటిజం అనే మాట తెలియదు. రోజూ మా దుకాణం ముందు బండి నిలపడం వల్ల మావాడి తీరు మాత్రం తెలుసు. వాడిని ముట్టుకోకుండా, గోలీసోడా సీసాను టకటకమనిపిస్తూ, ఆ చప్పుడు వెంట నడిపించుకొని తీసుకొచ్చాడు.

ఆ ఆరేడుగురూ చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకు ముందుగా నేను ఏం చెప్పి ఉంటే మావాడు కాలువ దాకా వెళ్ళేవాడు కాదో అదే ఆ సభలో చెప్పాలని నా కోరిక. మీ సలహాలు తెలియజేయగలరు.

పలకాబలపం | మార్చి 8, రాత్రి 8.15

మాది ఖమ్మం జిల్లా. ప్రాథమిక పాఠశాలలో 22 ఏళ్ళుగా చదువు చెబుతున్నాను. నా అనుభవంలో, ఆటిజం ఉన్న పిల్లలు మా దగ్గరకు ఆరేళ్ళ వయసులో వస్తారు. అప్పటికే నాలుగేళ్ళు వృథా అయి ఉంటాయి. అందువల్ల సభలో మొదట చిన్న పిల్లల తల్లులకు అర్థమయ్యే గుర్తులు చెప్పాలని నా అభిప్రాయం.

గుర్తులు చెప్పేటప్పుడు వైద్య పదాలు వాడవద్దు. చందమామను చూపిస్తూ అన్నం తినిపించడం మనందరికీ తెలుసు. తల్లి వేలు చూపిన వైపు బిడ్డ చూస్తుంది, చందమామను చూస్తుంది, మళ్ళీ తల్లి ముఖంలోకి చూసి నవ్వుతుంది. కొద్ది రోజులకు తనే వేలెత్తి తల్లికి చూపిస్తుంది. 'నేను చూసింది నువ్వూ చూడు' అన్న ఈ పంచుకోవడమే మాటలకు పునాది. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదీ రెండు మూడు నెలలు దాటినా వేలు పెట్టి చూపకపోవడం, కావలసిన వస్తువు కోసం మన చేతిని పట్టుకొని ఒక పనిముట్టులాగా దాని మీద పెట్టడం, 16 నెలలకు ఒక్క మాట కూడా లేకపోవడం, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా వచ్చిన మాటలు పోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే చూపించుకోవాలి. వీటిలో ఒకటి ఉన్నంత మాత్రాన ఆటిజం అని అర్థం కాదు. వినికిడి లోపం కూడా కావచ్చు, కాబట్టి ముందు చెవి పరీక్ష తప్పనిసరి.

ఇంకొక మాట. ఈ గుర్తులు అబ్బాయిలలో తేలికగా కనిపిస్తాయి. మౌనంగా ఒక మూల కూర్చొని పూసలు వరుసగా పేర్చుకునే ఆడపిల్లను చూసి 'బంగారుతల్లి, అల్లరే చెయ్యదు' అని మెచ్చుకుంటాము. నేనూ అలా మెచ్చుకున్నాను. ఆ పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆమెకు ఆటిజం ఉన్నట్లు కిందటి ఏడాదే తెలిసింది.

ఎదురుప్రశ్న | మార్చి 9, మధ్యాహ్నం 1.05

నొప్పించాలని కాదు, అడగాలని అడుగుతున్నాను. నాకు 61 ఏళ్ళు. మా చిన్నప్పుడు ఊళ్ళో ఈ పేరే వినలేదు. ఇప్పుడు వీధికొక థెరపీ కేంద్రం వెలిసింది, గంటకు ఇంత అని వసూలు చేస్తున్నారు. పిల్లలకు ఉగ్గుగిన్నెతో పాటే సెల్‌ఫోన్ అలవాటు చేస్తున్నాము, వరుసబెట్టి టీకాలు వేయిస్తున్నాము. కారణాన్ని వదిలిపెట్టి, అవగాహన పేరుతో కొత్త గిరాకీని తయారు చేయడం లేదని మీరు నిశ్చయంగా చెప్పగలరా?

అచ్చులు_హల్లులు | మార్చి 9, రాత్రి 9.50

నేను 14 ఏళ్ళుగా స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పై సభ్యుల ప్రశ్నను తోసిపుచ్చకూడదు, ఎందుకంటే సభలో మొదటి చెయ్యి ఈ ప్రశ్నతోనే లేస్తుంది.

లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో ఆటిజాన్ని వివరిస్తూ తన ప్రసిద్ధ వ్యాసం ప్రచురించింది 1943లో. అప్పటికి సెల్‌ఫోన్ సంగతి అటుంచి, చాలా ఇళ్ళలో టీవీ కూడా లేదు. మీ చిన్నతనంలో ఊళ్ళో ఈ పేరు లేకపోవచ్చు, మనుషులు ఉన్నారు. గుడి అరుగు మీద ఒకే మాటను పదేపదే అనుకుంటూ కూర్చునే ఒకరు, ఎవరి ముఖమూ చూడకుండా ఊరందరి పుట్టినరోజులూ చెప్పగలిగే ఇంకొకరు మీకు గుర్తుండే ఉంటారు. ఊరు వాళ్ళను వెర్రిబాగులవారని పిలిచింది, కొందరిని ఆదరించింది, కొందరిని కట్టేసింది.

టీకాల విషయం మరీ సూటిగా చెప్పాలి. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడు కేవలం 12 మంది పిల్లలను ఆధారం చేసుకొని, తట్టు టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చని బ్రిటన్‌లోని లాన్సెట్ పత్రికలో వ్యాసం వెలువరించాడు. అది తప్పుల తడక అని తేలి 2010లో ఆ పత్రిక వ్యాసాన్ని ఉపసంహరించుకుంది, అదే ఏడాది ఆయన వైద్యవృత్తి నమోదు కూడా రద్దయింది. ఆ తర్వాత లక్షల మంది పిల్లలపై జరిగిన అధ్యయనాలలో ఏ సంబంధమూ కనబడలేదు. ఆటిజంలో వంశపారంపర్య పాత్ర చాలా పెద్దది. ఒక బిడ్డకు ఉంటే తర్వాత పుట్టే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు ఐదింట ఒక వంతు.

సంఖ్య పెరగడంలో ఎక్కువ భాగం మన చూపు పెరగడమే. ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్లు 2021 నాటి పరిస్థితిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2013లో నిర్ధారణ ప్రమాణాలు మారి, అంతకు ముందు వేర్వేరు పేర్లతో ఉన్నవన్నీ ఒకే గొడుగు కిందకు వచ్చాయి. సెల్‌ఫోన్ గంటల తరబడి చూస్తే బిడ్డతో మనం మాట్లాడే సమయం తగ్గుతుంది, మాట వెనకబడుతుంది, అది నిజమే. ఫోను తెర చూడడం వల్లే వస్తుందంటూ యూట్యూబులో ప్రచారంలో ఉన్న 'వర్చువల్ ఆటిజం' అనే పేరు మాత్రం ఏ నిర్ధారణ గ్రంథంలోనూ లేదు.

గిరాకీ గురించి మీరన్న దానిలో నిజం ఉంది, దానికి నేను సిగ్గుపడుతున్నాను. 'ఆరు నెలల్లో నయం' అని రాసి ఉన్న బోర్డును చూస్తే వెనక్కి తిరిగి రావాలని సభలో గట్టిగా చెప్పండి. మూలకణ (స్టెమ్‌సెల్) చికిత్సను ఆటిజానికి చేయకూడదని 2022లోనే జాతీయ వైద్య కమిషన్ పక్షాన స్పష్టం చేశారు. అయినా పొలం అమ్మి ఆ చికిత్స చేయించుకొని వచ్చిన కుటుంబాన్ని నేను నా గదిలో చూశాను.

తులసికోట | మార్చి 10, ఉదయం 5.30

నేను నాయనమ్మను. టైపు చేయడం మా మనవరాలు నేర్పింది, తప్పులుంటే మన్నించండి.

మా మనవడికి రెండేళ్ళు దాటినా మాట రాకపోతే నేను వస అరగదీసి నాలుకకు రాశాను. వస పోస్తే వసపిట్టలా మాట్లాడతారని మా అమ్మ చెప్పేది. తాయెత్తు కట్టించాను, దిష్టి తీశాను, నాలుక మందమేమోనని కోయించమని కూడా అన్నాను. 'వాళ్ళ తాతకూ ఐదేళ్ళకే మాటలొచ్చాయి' అని అందరికీ చెప్పుకున్నాను. ఇవన్నీ ప్రేమతో చేసినవే. ప్రేమ లేకుండా చేసిన పని ఒకటుంది. కోడలు ఉద్యోగానికి వెళ్ళడం వల్లే బిడ్డ ఇలా అయ్యాడని నలుగురిలో అన్నాను. ఆ అమ్మాయి ఎదురు చెప్పలేదు. ఏడాదిపాటు మా ఇంటి శుభకార్యాలకు రాలేదు.

మీ సభకు అత్తగార్లను పిలవండి బాబూ. ఎలా పిలుస్తారో నాకు తెలియదు, తల్లులను పిలిస్తే చాలదు. ఇంట్లో 'ఆసుపత్రికి పోదాం' అన్న మాట ముందుకు సాగేదీ ఆగేదీ మా దగ్గరే.

అచ్చులు_హల్లులు | మార్చి 10, ఉదయం 8.20

అమ్మా, మీరు రాసింది మా దగ్గరకు వచ్చే ప్రతి కుటుంబానికీ చదివి వినిపించాలనిపించింది. తల్లి ప్రేమ లోపించడం వల్ల ఆటిజం వస్తుందన్న నింద మన పల్లెల్లోనే పుట్టలేదు. అమెరికాలో పేరున్న నిపుణులే 1950లు, 60లలో తల్లులను ఫ్రిజ్‌లతో పోల్చి, పిల్లలను వారి నుంచి వేరు చేయాలని కూడా వాదించారు. అది తప్పని రుజువై దశాబ్దాలు గడిచింది.

మూడో_బల్ల | మార్చి 10, రాత్రి 11.40

నాకు ఆటిజం ఉంది. వయసు 27. నిర్ధారణ అయింది 23వ ఏట. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. ఈ చర్చలో ఇప్పటివరకు అందరూ మా గురించి మాట్లాడారు కాబట్టి నేను నాలుగు మాటలు రాస్తాను.

దయచేసి 'ఆటిజం వ్యాధి', 'ఆటిజం బాధితులు', 'మహమ్మారి' అని ఫ్లెక్సీ మీద రాయించకండి. బిడ్డ ఏడుస్తున్న ఫొటో వేయకండి, ఆ బిడ్డ ఒకనాడు పెద్దవాడై దాన్ని చూస్తాడు. ఆటిజానికి గుర్తులుగా వాడే నీలం రంగు, జిగ్సా (ముక్కలు కలిపి పేర్చే బొమ్మ) ముక్క మాలో చాలామందికి ఇష్టం ఉండదు, ఏదో ముక్క తప్పిపోయిన మనుషులం అన్నట్లు ఉంటుంది. రంగు సంగతి పెద్ద గొడవ కాదు, మీకు నచ్చింది వాడుకోండి. భయపెట్టకండి, అంతే.

ఊరికి చెప్పవలసినది ఒకటుంది. మిక్సీ మోత, కుక్కర్ ఈల, ట్యూబులైటు జుమ్మనడం, పక్కింటి టీవీ, ఇవన్నీ మీకు వెనకెక్కడో వినిపిస్తాయి, నాకు అన్నీ ఒకేసారి ముందుకు వచ్చి నిలబడతాయి. పెళ్ళి పందిట్లో బ్యాండు మేళం, సెంటు వాసన, ఇస్త్రీ పట్టుబట్టల గరుకు, ముక్కూమొహం తెలియనివారు బుగ్గ గిల్లడం కలిసి వచ్చినప్పుడు చిన్నప్పుడు నేను నేల మీద పడి తల కొట్టుకునేవాడిని. మొండికేసే పిల్లవాడు మధ్యమధ్య మీరు చూస్తున్నారో లేదో గమనిస్తాడు, బొమ్మ ఇస్తే ఆగుతాడు. ఉక్కిరిబిక్కిరైన పిల్లవాడికి బొమ్మా కనబడదు, మీరూ కనబడరు. అప్పుడు చుట్టూ మూగి సలహాలు ఇవ్వకుండా, కాస్త జరిగి, చప్పుడు తగ్గించి, తల్లికి చోటివ్వడమే సాయం. ముఖంలోకి చూడడం లేదంటే వినడం లేదని అర్థం కాదు. నేను ముఖం చూస్తే మాట వినలేను, మాట వినాలంటే గోడను చూడాలి.

కృష్ణాతీరం | మార్చి 11, ఉదయం 7.00

మూడో బల్ల గారూ, మీరు రాసిన చివరి పేరా మా అబ్బాయి రాసినట్లు అనిపించింది. దాన్ని సభలో చదవడానికి అనుమతి కోరుతున్నాను. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. మీకు ఉద్యోగం ఉంది, మాట ఉంది, ఇలా వాదించే శక్తి ఉంది. మావాడికి 9 ఏళ్ళ వయసులో కూడా స్నానం మేమే చేయించాలి. ఏడాదిలో ఎన్నో రాత్రులు మేము నిద్రపోలేదు. కొందరు అనేట్లు 'ఇది కేవలం ఒక భిన్నత్వం' అని చెప్పి, వెంటనే లెక్కల మేధావుల ఉదాహరణలు చూపిస్తే, మా కష్టాన్ని ఊరు ఎలా గుర్తిస్తుంది? సాయం ఎలా అందిస్తుంది?

మూడో_బల్ల | మార్చి 11, రాత్రి 10.30

చదవండి, అభ్యంతరం లేదు. మేధావుల ఉదాహరణలు నాకూ నచ్చవు, మేధావి కానివాడికి చోటు లేదన్నట్లు ఉంటాయి. మీ కష్టం చెప్పండి, దాచనక్కర లేదు. నిద్రలేని రాత్రుల గురించి చెప్పేటప్పుడు బాబు మీ పక్కనే ఉంటాడా అన్నది మాత్రం చూసుకోండి. మాట్లాడలేనివారు వినలేరని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నేను ఐదేళ్ళ దాకా మాట్లాడలేదు, అప్పుడు విన్నవి చాలా గుర్తున్నాయి.

భవిత_బడి | మార్చి 12, సాయంత్రం 6.10

నేను సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే ఒక మండల భవిత కేంద్రంలో ప్రత్యేక విద్య ఉపాధ్యాయురాలిని. మా కేంద్రం మండల వనరుల కేంద్రం పక్క గదిలోనే ఉన్నా, ఆ గదిలో ఏం జరుగుతుందో ఎదుటి టీకొట్టువారికి కూడా తెలియదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో ఆటిజం ఒకటి. అంతకు ముందున్న 1995 చట్టంలో ఆటిజం పేరే లేదు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య పొందే హక్కు ఉంది. ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ ఉంది, అందులో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటి వర్గాలకు కలిపి ఉంటుంది. 'మీవాడి వల్ల మిగతా పిల్లలు చెడిపోతారు' అని గుర్తింపు పొందిన బడి చేర్చుకోకపోవడం చట్టవిరుద్ధం. బహిరంగంగా అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలుశిక్ష పడే సెక్షన్ కూడా ఉంది. ఈ సెక్షన్‌ను బెదిరించడానికి వాడవద్దని తల్లిదండ్రులకు నేనే చెబుతుంటాను, బడిలో రోజూ ఉండవలసింది మన బిడ్డే కదా.

వైకల్య సర్టిఫికెట్ కోసం, వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరానికి స్లాటు తీసుకోవాలి. ఆటిజం కొలవడానికి మనదేశంలో ఐసా అనే కొలమానాన్ని వాడతారు. మన సికింద్రాబాదులో, మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థకు దీని రూపకల్పనలో ప్రధాన పాత్ర ఉంది. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 లోపు ఉంటే ఆటిజం లేదని, 70 నుంచి 106 వరకు స్వల్పం, 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం అని లెక్క. ఆ రోజు బిడ్డ నిద్రమత్తులో బుద్ధిగా కూర్చున్నాడని మార్కులు తగ్గిన సందర్భాలు ఉన్నాయి, అందువల్ల ఇంట్లో తీసిన రెండు మూడు వీడియోలు వెంట ఉంచుకోవడం మంచిది. సర్టిఫికెట్ మీదనే పింఛను ఆధారపడి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్టు నిర్వహించే నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఖర్చు వస్తుంది, థెరపీలకు కూడా అందులో కొంత వాటా ఉంటుంది. బిడ్డకు 18 ఏళ్ళు నిండాక తల్లిదండ్రులు తమను సంరక్షకులుగా నియమించమని జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. దీన్ని చాలామంది బ్యాంకులో పని ఆగినప్పుడు గాని తెలుసుకోరు.

ఇంత ఉన్నా సర్టిఫికెట్ ఎందుకు తీసుకోరంటే, ఆడపిల్లల పెళ్ళిళ్ళు. 'వాడికి కాగితం పుడితే వాళ్ళ అక్కకు సంబంధం రాదు' అని ఒక తండ్రి నాలుగేళ్ళు ఆపాడు. ఆయనది మూర్ఖత్వం అనలేను, నిజంగానే సంబంధాలు వెనక్కి పోవడం నేను చూశాను. మీ సభలో ఎవరికైనా ధైర్యం ఉంటే ఈ పెళ్ళిళ్ళ సంగతి మాట్లాడాలి. చట్టం చెప్పడం తేలిక.

ఫ్రిస్కో_తెలుగమ్మాయి | మార్చి 13, ఉదయం 9.25

నేను టెక్సాస్‌లో ఉంటాను. మా పాపకు ఆటిజం. ఇక్కడ మూడేళ్ళలోపు పిల్లలకు ముందస్తు సేవలు, మూడేళ్ళు నిండగానే ప్రభుత్వ బడిలో ప్రత్యేక విద్యాప్రణాళిక చట్టప్రకారం అందుతాయి. సౌకర్యాల విషయంలో మేము అదృష్టవంతులమే. కానీ తెలుగువారి ఉగాది వేడుకలకు పాపను తీసుకువెళ్ళి, 'ఆంటీకి నమస్తే చెప్పు' అన్నప్పుడు చెప్పకపోతే, ఇంత దూరం వచ్చినా ఆ చూపులు మాత్రం ఊళ్ళోవే.

నా ప్రశ్న ఏమిటంటే, పాపతో ఇంగ్లిషు మాత్రమే మాట్లాడమని ఇక్కడ మొదట ఒకరు సలహా ఇచ్చారు. రెండేళ్ళు అలాగే చేశాము. మా అమ్మకు ఇంగ్లిషు రాదు. వీడియో కాల్‌లో అమ్మమ్మా మనవరాలూ ఒకరినొకరు చూసుకుంటూ ఊరుకుంటారు. మేము చేసింది సరైనదేనా?

అచ్చులు_హల్లులు | మార్చి 13, రాత్రి 9.10

మళ్ళీ తెలుగు మొదలుపెట్టండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందనడానికి పరిశోధనలలో ఆధారం కనబడలేదు. తల్లి తనకు సహజమైన భాషలో మాట్లాడినప్పుడే లాలన, ఆట, ఊకొట్టడం అన్నీ వస్తాయి. హైదరాబాదులోనూ విజయవాడలోనూ కార్పొరేట్ బడి కోసం ఇదే తప్పు చేయిస్తున్నారు. మాట రాని బిడ్డ ముందు అమ్మానాన్నలు తమకే సరిగా రాని భాషలో ముక్కలు ముక్కలుగా మాట్లాడతారు.

బొమ్మల కార్డులు, చెన్నైలో తయారైన ఆవాజ్ వంటి యాప్‌లు వాడితే బిడ్డ ఇక నోరు విప్పదన్న భయం కూడా వదులుకోవాలి. 'నీళ్ళు' అన్న బొమ్మను చూపించగలిగిన బిడ్డ అరవడం తగ్గిస్తుంది.

కృష్ణాతీరం గారు తప్పక ప్రస్తావించవలసిన అధ్యయనం ఒకటుంది. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో జరిగి, 2016లో వెలువడింది. అందులో పెద్ద నిపుణులు కాకుండా, శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి, బిడ్డతో ఎలా ఆడాలో, బిడ్డ ఇచ్చే చిన్న సంజ్ఞను ఎలా అందుకోవాలో తల్లిదండ్రులకు నేర్పారు. తల్లీబిడ్డల మధ్య స్పందన గమనించదగ్గంతగా మెరుగుపడింది. మండలానికొక స్పీచ్ థెరపిస్టు ఇప్పట్లో రారు, ఆశా కార్యకర్త మాత్రం వీధిలోనే ఉంది.

నిర్వాహకులు | మార్చి 14, ఉదయం 10.00

ఆటిజాన్ని మూలికలతో నయం చేస్తామని ఫోను నంబరుతో సహా ఒక సభ్యుడు పెట్టిన ప్రకటనను తొలగించాము. చర్చ కొనసాగించవచ్చు.

ఎదురుప్రశ్న | మార్చి 15, మధ్యాహ్నం 2.30

సమాధానాలు శ్రద్ధగా చదివాను. టీకాల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, సెల్‌ఫోన్ విషయంలో ఇంకా కొంత సందేహం ఉంది, దాన్ని నా దగ్గరే ఉంచుకుంటాను.

నేను పంచాయతీరాజ్ శాఖలో 33 ఏళ్ళు చేసి విరమించాను. ఎన్నో అవగాహన సభలు జరిపించాను. కృష్ణాతీరం గారికి ఒక మాట. కళ్యాణ మండపంలో సభ పెడితే మీ నలుగురు తల్లిదండ్రులు, వారి బంధువులు, ఇద్దరు విలేకరులు వస్తారు. నిరుటి నడకే మళ్ళీ ఇంకో చోట జరుగుతుంది. ఊరిని మీ దగ్గరకు పిలవకండి, ఊరు ఎక్కడ ఉందో అక్కడికి మీరు వెళ్ళండి. డ్వాక్రా సంఘాల నెలవారీ సమావేశంలో అత్తగార్లు ఉంటారు. టీకాల రోజున అంగన్‌వాడీలో పసిపిల్లల తల్లులు ఉంటారు. ఆటోస్టాండు, ఆర్టీసీ బస్టాండు, కాలువ లాకుల దగ్గర పనిచేసే లస్కర్లు, వీళ్ళెవరూ మీ మండపానికి రారు. పది నిమిషాలు చాలు. మైకు వద్దు, చేతిలో ఒక కాగితం పెట్టి రండి.

కృష్ణాతీరం | ఏప్రిల్ 8, రాత్రి 9.30

ఆలస్యానికి క్షమించండి. మండపం రద్దు చేసుకున్నాము. మార్చి చివరి వారం నుంచి ఏప్రిల్ 2 వరకు మా నాలుగు కుటుంబాలూ పదకొండు చోట్లకు వెళ్ళి, దుకాణాలలో ఒక కాగితం పంచాయి.

అన్నీ సజావుగా సాగలేదు. ఒక ప్రైవేటు బడిలో గేటు దాటనివ్వలేదు. ఆటోస్టాండులో నేను ఐదు నిమిషాలు మాట్లాడాక 'దీనికి మందేమిటి' అని అడిగారు. మందు లేదంటే, మరి ఎందుకు చెబుతున్నారన్నట్లు చూశారు. అప్పుడు ప్రసంగం ఆపి, మావాడు కాలువకు వెళ్ళిన రోజు సంగతి చెప్పాను. ఒక డ్రైవరు తలవంచుకొని, 'ఆరోజు నేనూ చూశానన్నా, బస్టాండు మలుపులో' అన్నాడు. ఆ తర్వాత ఎవరికీ ఆటిజం వివరాలు చెప్పలేదు, ఆ కథే చెప్పాను.

డ్వాక్రా సమావేశంలో మా ఆవిడ మాట్లాడింది. తులసికోట అమ్మగారి మాటలను పేరు చెప్పకుండా చదివింది. ఒక పెద్దావిడ మధ్యలో లేచి వెళ్ళిపోయింది, కోపమో మరేమిటో తెలియదు. మూడు రోజులకు అంగన్‌వాడీ టీచరు ఇద్దరు పిల్లల పేర్లు రాసుకొని వచ్చింది. జిల్లా ఆసుపత్రిలోని ముందస్తు చికిత్సా కేంద్రానికి, అదే డీఈఐసీ అంటారు, పంపించాము. ఒక బిడ్డకు వినికిడి సమస్య అని తేలింది. రెండో బిడ్డకు ఇంకా పరీక్షలు జరుగుతున్నాయి. పెళ్ళిళ్ళ సంగతి మాత్రం మేమెవరమూ ఎత్తలేకపోయాము.

మొన్న 6వ తేదీన శ్రీరామనవమి. మా వీధి చివర పందిరి వేశారు. ముందురోజు కమిటీ కుర్రాళ్ళు ఇద్దరు దుకాణానికి వచ్చి, 'బాబాయ్, బాక్సులు గుడి వైపు తిప్పి పెడుతున్నాం, డప్పులు మాత్రం కల్యాణం అయ్యాక పదకొండున్నరకు వస్తాయి, ఆపలేం' అన్నారు. పదకొండు గంటలకే మావాడిని తీసుకొని మా అత్తగారి ఊరికి వెళ్ళిపోయాము. సాయంత్రం పానకం, వడపప్పు సోడాబండి ఆయన చేత ఇంటికి పంపించారు.

పలకాబలపం | ఏప్రిల్ 9, ఉదయం 7.45

మీరు దుకాణాలలో పంచిన కాగితంలో ఏం రాశారో ఇక్కడ పెట్టగలరా? మా మండలంలో కూడా వాడుకుంటాము.

కృష్ణాతీరం | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 12.20

అరఠావు కాగితం, ఒకవైపే అచ్చు వేయించాము. పైన బాబు ఫొటో, కింద రెండు ఫోను నంబర్లు. ఫొటో ఉన్న కాగితాన్ని గోడకు అంటించవద్దని, గల్లాపెట్టె లోపల ఉంచుకోమని చెప్పాము. మధ్యలో ఉన్న మాటలు ఇవి:

'ఇతను మన ఊరి అబ్బాయి. పేరు పిలిస్తే పలకకపోవచ్చు, చెవులు బాగానే వినిపిస్తాయి. ఒంటరిగా కనిపిస్తే చెయ్యి పట్టి లాగవద్దు, గట్టిగా అరవవద్దు. దగ్గరగా నడుస్తూ, నెమ్మదిగా, ఒక్కొక్క మాటగా చెప్పండి. కాలువ వైపు వెళుతుంటే ముందుకు వెళ్ళి దారికి అడ్డంగా నిలబడండి. గోలీసోడా అంటే ఇష్టం. వెంటనే మాకు ఫోను చేయండి, ఏ వేళైనా ఫరవాలేదు.'